యుద్ధకాలపు కార్టూన్లకు విశాఖలో ఒక దుకాణం: ఏవి కొనవచ్చు, ఏవి కూర్చుని చూడాలి

డాబాగార్డెన్స్ నుంచి జగదాంబ కూడలి వైపు వెళ్లే దారిలో, ఒక పక్కసందులో, కళ్లజోళ్ల షాపు పైన మొదటి అంతస్తులో ఉన్న ఈ చిన్న దుకాణం పాత రాజకీయ కార్టూన్లను, అందులోనూ ముఖ్యంగా యుద్ధాలకూ దేశాల మధ్య తగవులకూ పొత్తులకూ సంబంధించిన వాటిని, మంచి కాగితం మీద మళ్లీ అచ్చువేసి అమ్ముతుంది. పేరు రాయవద్దని యజమాని కోరారు. ఉన్న కుర్చీలే వచ్చినవారికి చాలడం లేదని ఆయన బాధ. ముందుగదిలో అమ్మకం, లోపలిగదిలో చదువుకునే బల్ల. చిన్న సైజు ప్రింటు 350 రూపాయలు, దానికి రెట్టింపు ఉండేది 600, ఫ్రేము కట్టిస్తే చిన్నదానికి మరో 900. లోపలి బల్ల దగ్గర కూర్చుని పాత పుస్తకాలు, పత్రికల బైండ్లు చూసుకోవడానికి పూటకు 50 రూపాయలు తీసుకుంటారు.

ఇలాంటి సరుకును కాగితం, సిరా బట్టి మాత్రమే తూచలేము. ఒక మంత్రి మీద వేసిన కార్టూన్ పదేళ్ల తరువాత కూడా కొంత నవ్విస్తుంది గానీ, విదేశాంగ విధానం మీద వేసిన కార్టూన్ ఏ తేదీన వచ్చింది, ఏ పత్రికలో వచ్చింది, ఆ పత్రిక యజమాని ఏ పక్షాన ఉన్నాడు, గీసినవాడికి ఎంత స్వేచ్ఛ ఉండేది అన్న సంగతులు తెలియకపోతే గోడకు వేలాడే అలంకారంగానే మిగిలిపోతుంది. ఈ దుకాణంవారు ప్రతి ప్రింటు వెనకా తెలుగులో ఒక వివరాల చీటీ అంటించి ఇస్తారు. మిగతా చోట్ల ఎక్కడా దొరకని సరుకు నిజానికి ఆ చీటీయే కనుక, నేను ఈ దుకాణాన్ని ప్రధానంగా దాని బట్టే అంచనా వేస్తున్నాను.

అన్నిటికన్నా పాతది 1805 ఫిబ్రవరి 26న లండన్‌లో వెలువడిన జేమ్స్ గిల్‌రే చిత్రం. బ్రిటన్ ప్రధాని విలియం పిట్, ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ ఒకే బల్లకు ఇటూ అటూ కూర్చుని, భూగోళం ఆకారంలో పొగలు కక్కుతున్న పుడ్డింగును కోసుకుంటూ ఉంటారు. పిట్ ముల్లుచెంచా సముద్రదేవుడి త్రిశూలంలా ఉంటుంది, నెపోలియన్ కత్తి ఐరోపా ముక్క మీద దిగుతూ ఉంటుంది. రంగుల అచ్చు ఇక్కడ చాలా బాగా కుదిరింది. అసలు ప్రతులకు రంగులు చేత్తోనే వేసేవారన్న సంగతి చీటీలో ఉంది. గిల్‌రే తన చిత్రాలను అమ్మిన హన్నా హంఫ్రీ దుకాణం పైఅంతస్తులోనే కాపురం ఉండేవాడనీ, ఆ దుకాణం అద్దాల ముందు గుమిగూడి డబ్బివ్వకుండానే చూసి నవ్వుకుని వెళ్లిపోయే జనం ఎక్కువనీ కూడా రాశారు. ఈ షాపు మెట్ల మీద కాలేజీ పిల్లలు నిలబడి చూసే తీరును బట్టి, ఈ వ్యాపారం పద్ధతి పెద్దగా మారినట్టు లేదు.

జాన్ టెన్నియల్ 1890 మార్చి 29 నాటి పంచ్ అనే లండన్ హాస్యపత్రికకు గీసిన చిత్రాన్ని విశాఖవాసులు ప్రత్యేకంగా చూడాలి. జర్మనీని ఇరవై ఏళ్లు నడిపించిన బిస్మార్క్, ఓడను రేవు దాటించే పైలట్ వేషంలో, ఓడ పక్కనున్న నిచ్చెన దిగి వెళ్లిపోతూ ఉంటాడు. పైన కటకటాల మీద మోచేతులు ఆనించి యువ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ తీరిగ్గా చూస్తూ ఉంటాడు. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువలో నుంచి ఓడలను బయటికి తెచ్చి, సముద్రం లోతైన చోట దిగిపోయే పోర్టు పైలట్ల పని ఇక్కడ చాలామందికి తెలిసినదే కనుక, ఈ బొమ్మలోని ఎత్తిపొడుపు మనకు ఇంకొంచెం సూటిగా తగులుతుంది. పైలట్ దిగిపోవడం తప్పేమీ కాదు, ఓడ నిజంగా ఇరుకు దాటిందా అన్నదే ప్రశ్న. చీటీ రాసినవారు ఈ మాట పట్టుకోలేకపోయారు. బిస్మార్క్ రాజీనామా తేదీ, ఆ తరువాత రష్యాతో ఉన్న రహస్య ఒప్పందాన్ని జర్మనీ పొడిగించకపోవడం వంటి సంగతులు మాత్రం సరిగ్గా ఇచ్చారు. ఒక హెచ్చరిక: ఇది చెక్క దిమ్మె మీద సన్నని గీతలుగా చెక్కి అచ్చువేసిన బొమ్మ. చిన్న సైజులో గీతలు విడివిడిగా కనిపిస్తాయి గానీ, పెద్ద సైజు ప్రింటులో నీడలున్న చోట గీతలన్నీ కలిసిపోయి బూడిదరంగు మరకలయ్యాయి. స్కానింగు సరిపోనప్పుడు పెద్ద సైజు అమ్మకానికి పెట్టడం న్యాయం కాదు.

అదే పంచ్ పత్రికలో 1878లో వచ్చిన మరో చిత్రం అమ్మకాల్లో వెనకబడి ఉందట గానీ, నా లెక్కలో మన దేశపు పాఠకుడు మొదట కొనవలసింది అదే. అఫ్గానిస్తాన్ అమీరు షేర్ అలీ మధ్యలో నిలబడి ఉంటాడు, ఒక పక్క రష్యా ఎలుగుబంటి, మరో పక్క బ్రిటిష్ సింహం, రెండూ స్నేహితులమనే చెప్పుకుంటూ ఆకలిగా చూస్తూ ఉంటాయి. ఈ మిత్రుల బారి నుంచి నన్ను కాపాడమని అమీరు వేడుకుంటాడు. ఆ ఏడాది నవంబరులోనే రెండో ఆంగ్లో-అఫ్గాన్ యుద్ధం మొదలైంది. దాడికి దిగిన దేశపు పత్రికే దాడికి గురైనవాడి గోడును బొమ్మగా వేయడంలోని విడ్డూరాన్ని చీటీ రెండే వాక్యాల్లో, ఎక్కడా ఉపన్యాసం చెప్పకుండా చెప్పింది. ఫ్రెడ్ రోజ్ గీసిన 1877 నాటి ఐరోపా హాస్యపటం, రష్యాను ఎనిమిది చేతుల సముద్రజీవిగా చూపించేది, రంగుల వల్ల పిల్లలున్న ఇళ్లకు బాగా పోతోందన్నారు. బొమ్మ అందంగానే ఉంది. ఒక జాతిని పురుగుగానో మృగంగానో చూపించే అలవాటు తరువాతి తరాల్లో ఎక్కడికి దారితీసిందో తెలిసినవారికి మాత్రం దాన్ని పిల్లల గదిలో పెట్టాలనిపించదు.

ఇక డేవిడ్ లో (‘లో’ ఆయన ఇంటిపేరు). 1891లో న్యూజీలాండ్‌లో పుట్టి లండన్ చేరిన ఈ చిత్రకారుడికి దుకాణంలో ఒక గోడంతా ఇచ్చారు, ఇవ్వవలసిందే. మన ఆర్.కె. లక్ష్మణ్ చిన్ననాటి నుంచి ఆరాధించి, గీత నేర్చుకున్నది ఈయన బొమ్మలు చూసే. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు పరస్పరం దాడి చేసుకోబోమని ఒప్పందం చేసుకున్నాయి. సెప్టెంబరు 1న పడమటి నుంచి జర్మనీ, 17న తూర్పు నుంచి సోవియట్ సైన్యాలు పోలండ్‌లోకి దిగాయి. 20న లండన్ పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్‌లో ఆయన గీసిన ఈ గోడ మీది కార్టూన్ వచ్చింది. ఇద్దరు నియంతలూ టోపీలు ఎత్తి, నడుము వంచి, ఎదురెదురుగా నమస్కారాలు చేసుకుంటూ ఉంటారు. అన్నేళ్లుగా ఒకరినొకరు తిట్టుకున్న తిట్లనే ఇప్పుడు బిరుదుల్లా మర్యాదగా పలుకుతూ ఉంటారు. ఇద్దరి మధ్యా నేల మీద ఒక శవం పడి ఉంటుంది, అది పోలండ్. యజమాని బల్ల మీదున్న భూతద్దం పెట్టి ఈ ప్రింటును చూశాను. మనుషుల ఆకారాలు నిండు కుంచెతో ఒక్క విసురులో వేసినవి, ఎక్కడా దిద్దిన జాడ లేదు. వెనక ఆకాశం మాత్రం సిరా దాదాపు ఆరిపోయిన కుంచెను గరుకుగా లాగి వేసినది, ఆ గరుకులోనే యుద్ధపు పొగ కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ఈ ఆకాశం నల్లగా ముద్దకట్టి ఉంటుంది. ఇక్కడ కుంచె వెంట్రుకల జాడలు కూడా విడిగా తెలుస్తున్నాయి. ఈ ఒక్క ప్రింటు కోసం మెట్లెక్కినా శ్రమ వృథా కాదు.

అయితే ఇంత శ్రద్ధగా అచ్చువేసి, కింది అంచు కత్తిరించేటప్పుడు తేదీ వరసను కూడా కొన్ని ప్రతుల్లో కోసేశారు. చీటీలో తేదీ ఉంది కదా అనవచ్చు. ఫ్రేము కట్టాక చీటీ గోడవైపు తిరుగుతుంది, బొమ్మ మీద తేదీ ఉండదు. కొనేముందు కట్టలో నుంచి నాలుగైదు ప్రతులు తీయించి, అడుగు అంచు చూసుకుని తీసుకోవాలి.

డేవిడ్ లో గురించిన చీటీలే ఈ దుకాణానికి తలమానికం. ఆయన పనిచేసిన పత్రిక యజమాని లార్డ్ బీవర్‌బ్రూక్ జర్మనీతో రాజీ కోరినవాడు. అయినా చిత్రకారుడికి తోచింది గీసే స్వేచ్ఛ ఉద్యోగపు ఒప్పందంలోనే రాసి ఉండటం వల్ల, యజమాని అభిప్రాయానికి ఎదురుగా అదే పత్రికలో బొమ్మలు వచ్చాయి. 1937లో జర్మనీ వెళ్లిన బ్రిటిష్ మంత్రి లార్డ్ హాలిఫాక్స్ దగ్గర హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఈ కార్టూన్ల మీద ఫిర్యాదు చేయడం, తిరిగి వచ్చిన హాలిఫాక్స్ దేశ ప్రయోజనాల పేరు చెప్పి కొంచెం తగ్గమని కోరడం, హిట్లర్, ముస్సోలినీల పోలికలు రెండూ కలిపి మజ్లర్ అనే కొత్త పాత్రను సృష్టించి డేవిడ్ లో కొంతకాలం సరిపెట్టుకోవడం, 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకోగానే మళ్లీ అసలు ముఖాలకే తిరిగి రావడం, ఇదంతా ఒకే పేజీలో చక్కగా ఇమిడింది. ఒక బొమ్మ రెండు ప్రభుత్వాల మధ్య చర్చకు వస్తువు కాగలదన్న సంగతిని ఇంత పొందికగా తెలుగులో చెప్పిన వ్యాసాలు అరుదు.

ఫ్రేముల విషయం టూకీగా చెబుతాను. మన ఊరి ఉప్పుగాలికి, వానాకాలపు తేమకు నొక్కుడు చెక్కపొడి అట్టలు రెండేళ్లలో ఉబ్బిపోతాయి, బొమ్మ గాజుకు అంటుకుంటే ఇక ఊడిరాదు. ఇక్కడ గాజుకూ బొమ్మకూ మధ్య అట్ట అంచు పెట్టి ఎడం వదులుతున్నారు, అది మంచి పని; వెనక వాడే పలక మాత్రం ఆ ఉబ్బే రకమే. బీచ్ రోడ్డు వైపు కాపురం ఉండేవారు ప్రింటు మాత్రం ఇక్కడ కొని, ఫ్రేము వేరే చోట టేకుతో కట్టించుకోవడం మేలు.

మన చట్టం ప్రకారం గీసినవారు మరణించాక 60 ఏళ్లదాకా హక్కులు వారసులవే కనుక, 1963లో పోయిన డేవిడ్ లో దగ్గరే ఈ దుకాణం అచ్చు ఆపేసింది. ఇంటర్నెట్‌లో దొరికినదల్లా దించి అమ్మే కొట్ల మధ్య ఈ నిగ్రహం మెచ్చుకోదగ్గది. ఆ తరువాతి వారిని చూడాలంటే లోపలిగది బల్ల దగ్గర కూర్చోవాలి. పాత సంకలనాలు, విడి పత్రికలు, రద్దు కాగితాల నుంచి కాపాడిన బైండ్లు అక్కడ ఉన్నాయి, వాటిని ఏ దేశానికి ఆ దేశంగా కాక ఏళ్లవారీగా సర్దడం యజమాని చేసిన తెలివైన ఏర్పాటు. 1942 అని రాసిన ఆర దగ్గరకు వెళితే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

ఆ ఏడాది మార్చిలో లండన్ డైలీ మిర్రర్‌లో ఫిలిప్ జెక్ గీసిన బొమ్మలో, టార్పెడో దెబ్బకు ఓడ మునిగిన నావికుడు ఒకడు నల్లటి సముద్రంలో తెప్ప మీద బోర్లా పడి ఉంటాడు. కింద ఉన్నది పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందన్న ప్రభుత్వ ప్రకటన మాత్రమే. మీరు పారబోసే ప్రతి చుక్క వెనకా ఒక ప్రాణం ఉంది, పొదుపుగా వాడండి అన్నది గీసినవాడి ఉద్దేశం. నావికుల ప్రాణాలతో వ్యాపారులు లాభాలు గడిస్తున్నారని, ప్రభుత్వం దానికి తోడ్పడుతోందని అర్థం వస్తుందని చర్చిల్ మంత్రివర్గం మండిపడి, పత్రికను మూయించగలమని హెచ్చరించింది. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఎన్నో సరకు ఓడలు మునిగాయి. చీటీ ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టింది. లండన్ పత్రికలోని ఆ తెప్ప మీది మనిషి మన తీరానికి అంత దగ్గరవాడన్న ఆలోచన, ఆ రెండు తేదీలూ కలిపి చదివేదాకా రాదు.

అదే ఆరలో, పిల్లల పుస్తకాలతో ప్రపంచమంతా పేరు పొందిన డాక్టర్ స్యూస్ న్యూయార్క్‌లోని పీఎం అనే పత్రికకు గీసిన యుద్ధకాలపు కార్టూన్ల సంకలనం ఉంది. నల్లవారి మీదా యూదుల మీదా చూపే వివక్షను ఆ పత్రికా, ఆయనా గట్టిగా ఎదిరించినవారే. అటువంటి చేతితోనే 1942 ఫిబ్రవరి 13న వచ్చిన బొమ్మలో, అమెరికా పడమటి తీరంలోని జపాన్ సంతతివారంతా ఒకే ముఖంతో, ఒకే నవ్వుతో బారులు తీరి, పేలుడు పదార్థాల పొట్లాలు అందుకుంటూ, స్వదేశం నుంచి వచ్చే సైగ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఆరు రోజుల తరువాత, ఫిబ్రవరి 19న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాడు. దాని కింద సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టి శిబిరాల్లో పెట్టారు. బొమ్మ వల్లే ఉత్తర్వు వచ్చిందని ఎవరూ అనరు గానీ, ఉత్తర్వుకు జనం మనసు ఎలా సిద్ధంగా ఉందో ఆ బొమ్మ చూపిస్తుంది. దీన్ని దాచకుండా, ఆ చిత్రకారుడి మంచి బొమ్మల పక్కనే తెరిచి పెట్టినందుకు యజమానికి పూర్తి మార్కులు ఇస్తాను.

అంతటి నిజాయితీ సోవియట్ ఆర దగ్గరకు వచ్చేసరికి సన్నగిల్లింది. ఒకప్పుడు సోవియట్ భూమి పత్రికా, చవక ధరకు వచ్చే మాస్కో పుస్తకాలూ మన ఇళ్లలో ఎంత ఇష్టంగా చదివేవారో తెలిసినదే; యజమానికీ ఆ అభిమానం ఉన్నట్టుంది. బోరిస్ ఎఫిమోవ్ గీసిన ప్రచ్ఛన్నయుద్ధపు కార్టూన్ల దగ్గర చీటీ ఆయన నూరేళ్లు దాటి బతికాడని, హిట్లర్ పగబట్టిన చిత్రకారుల్లో ఒకడని చెప్పి ఊరుకుంది. 1947లో అమెరికా సేనాని ఐసెన్‌హోవర్ సేనలతో ఉత్తర ధ్రువం మీదికి దండెత్తి వస్తున్నట్టు బొమ్మ వేయమని స్టాలిన్ స్వయంగా ఊహ చెప్పి, ఫోనులో తొందరపెట్టి, కింది మాటలు కూడా తన చేత్తో దిద్దాడని, ఆ చిత్రకారుడి అన్న మిఖాయిల్ కొల్త్సోవ్‌ను అదే ప్రభుత్వం 1938లో అరెస్టు చేసి 1940లో కాల్చి చంపిందని అందులో లేదు. డేవిడ్ లోకు పత్రిక యజమాని మాటను కాదనే స్వేచ్ఛ కాగితం మీద రాసి ఉంది, ఎఫిమోవ్‌కు కాదంటే ఏమవుతుందో సొంత ఇంట్లోనే కనిపించింది. ఈ తేడా చెప్పకుండా ఇద్దరి బొమ్మలనూ ఒకే వరసలో పెడితే చూసేవాడికి సగమే అందుతుంది. ఈ మాట యజమానితో అన్నాను, చీటీ మార్చి రాస్తానన్నారు. నేను ఇది రాసేనాటికి పాతదే ఉంది.

అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లిన 1962 క్యూబా సంక్షోభానికి చెందినవి రెండే ఉన్నాయి, రెండూ మేలైనవే. అక్టోబరు 29న డైలీ మెయిల్‌లో లెస్లీ ఇల్లింగ్‌వర్త్ కెన్నెడీ, కృశ్చేవ్‌లను హైడ్రోజన్ బాంబుల మీద కూర్చోబెట్టి చేతి కుస్తీ పట్టించాడు; నవంబరు 1న వాషింగ్టన్ పోస్టులో హెర్బ్‌లాక్ అదే ఇద్దరి చేతా అణుయుద్ధమనే పెట్టె మూతను అదిమి పట్టించాడు. ఒకే వారంలో కుస్తీ నుంచి సహకారానికి వచ్చిన లోకం తీరు ఆ రెండు పేజీల్లో కనిపిస్తుంది. చైనాతో మన సరిహద్దు యుద్ధం కూడా అదే అక్టోబరు 20న మొదలైంది కదా, దాని మీద మన పత్రికల బొమ్మలేవీ అన్న ప్రశ్నకు మాత్రం ఆ ఆరలో జవాబు లేదు.

అసలు కొరత అక్కడే ఉంది. 1948 నుంచి 1975 దాకా నడిచిన కార్టూన్ల వారపత్రిక శంకర్స్ వీక్లీ విడి ప్రతులు కొన్ని, లక్ష్మణ్ సంకలనాలు కొన్ని ఉన్నాయి. తెలుగు ఆరలో తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు బొమ్మల నకళ్లు, బాపు కార్టూన్లు కనిపిస్తాయి గానీ, వాటిలో దేశాల తగవుల ఊసు తక్కువ. తెలుగు కార్టూన్‌కు విదేశాంగం చాలాకాలం పెట్రోలు ధర రూపంలోనే ఇంటికి వచ్చిందని నాకు అనిపిస్తుంది, ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి కావలసిన బైండ్లే ఇక్కడ లేవు. ముఖ్యంగా 1971. ఆ ఏడాది ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం, డిసెంబరు 3 రాత్రి దాటాక మన తీరానికి కూతవేటు దూరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునక, తరువాత అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి రావడం, ఇన్ని జరిగాయి. ఆ ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధంలో మన విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఆర్.కె. బీచ్‌లో రోజూ చూస్తూనే ఉంటాం. నేను వెళ్లిన పూట డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఈ సంగతే అడిగారు.

"ఏటండీ బాబూ, జర్మనీ ఉంది, జపానుంది, మన ఘాజీ మీద ఒక్క బొమ్మా లేదేటి?"

"దొరికితే పెట్టనా మాస్టారూ? అప్పటి పేపర్ల బైండ్లు అడిగిన చోటల్లా చెద తినేసిందంటున్నారు. మీ ఇంట్లో ఏవైనా ఉంటే పట్రండి, స్కాన్ చేసి మళ్లీ మీకే ఇచ్చేస్తాను."

పెద్దాయన తన తోడల్లుడి ఇంట్లో అటక మీద చూస్తానని చెప్పి వెళ్లారు. ఇళ్లలో పాత ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ కట్టలు దాచుకున్నవారు ఇంకెవరైనా ఉంటే వారు కూడా ఈ దుకాణాన్ని కలుసుకోవడం మంచిది. అరువు తెచ్చిన కాగితానికి రసీదు రాసి ఇస్తున్నారు, అది నేను కళ్లారా చూశాను.

పనివారు ఇద్దరే, అడిగినది ఓపికగా తీసి చూపిస్తారు, కొనమని వెంటపడరు. బయటి ఊళ్లకు ప్రింట్లను గట్టి అట్ట గొట్టంలో చుట్టి పంపుతారు, కొరియరు ఖర్చు కొన్నవారిదే. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా తలుపు మూసి ఉంటుంది, ఆదివారం ఉదయం మాత్రమే తెరుస్తారు, లోపలి బల్లకు ముందురోజు ఫోను చేసి చెప్పకపోతే చోటు దొరకడం కష్టం. కొనేవారికి నా సలహా షేర్ అలీ బొమ్మ, పోలండ్ బొమ్మ, రెండూ చిన్న సైజులో, ఫ్రేము లేకుండా. టెన్నియల్ పైలట్ బొమ్మ కావాలంటే అది కూడా చిన్న సైజులోనే. పెద్ద సైజు తీసుకోదలిస్తే గిల్‌రే ఒక్కటే ఆ 600 రూపాయలకు తగినది.